మావయ్య తద్దినం, నా పొట్లాల చదువు

కోనసీమ వెళ్ళొచ్చానంటే ఎవరైనా మొదట అడిగేది ‘ఏం తిన్నావు?’ అని. నన్ను అలా అడిగిన మిత్రులు మాత్రం మాట బయటపడగానే నాలిక కరుచుకుంటున్నారు. తిండి దగ్గర నా సంగతి వాళ్ళకు తెలుసు. ఈసారి వాళ్ళను నిరాశపరచను. నాలుగు రోజుల్లో తిన్నదీ, తినకూడనిదీ, తిని పడ్డదీ అంతా రాస్తాను.

ముందు నా రోగం గురించి రెండు ముక్కలు. నాకు గోధుమ పడదు. పడదంటే అరగకపోవడం కాదు. చిటికెడు పిండి లోపలికి వెళ్ళినా పేగులు పుండవుతాయని డాక్టరు తేల్చి పద్నాలుగు నెలలైంది. ఆ రోజు నుంచి చపాతీ, బిస్కెట్టు, బ్రెడ్డు, మైదా, రవ్వ అన్నిటికీ నీళ్ళు వదిలాను. బజారు నుంచి ఏ పొట్లం వచ్చినా దాని మీది సన్నక్షరాలు చదవందే లోపలికి రానివ్వను. ముప్ఫై ఏళ్ళుగా హైదరాబాదులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి. జేబులో భూతద్దం ఉంటుంది. నా కన్నుగప్పి ఒక్క గోధుమ నలుసు కూడా మా గడప దాటలేదని మా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

అయినా తగ్గలేదు. కడుపునొప్పి అలాగే ఉంది, విరేచనాలు అలాగే ఉన్నాయి. పదకొండు కిలోలు తగ్గాను. బెల్టుకు కొత్తగా మూడు బెజ్జాలు పడ్డాయి. చివరికి డాక్టరు, “గోధుమ మానేసినా తగ్గలేదంటే లోపల ఇంకేదో ఉండి ఉండాలి. పై సోమవారం రండి, గొట్టం వేసి చిన్న ముక్క తీసి చూద్దాం” అన్నాడు. ఆ ‘ఇంకేదో’కి పేరు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా నాన్న తమ్ముడు కడుపులో ‘ఇంకేదో’తోనే పోయాడు.

ఆ సోమవారానికి ముందు వారంలోనే మా మేనత్త భర్త తద్దినం వచ్చింది. నువ్వు రాకపోయినా ఏం ఫరవాలేదని అత్తయ్య ఫోను చేసి మరీ చెప్పింది. అలా చెప్పిందంటే రమ్మనే. నాకూ ఒకసారి అందరినీ చూసి రావాలనిపించింది. ఎందుకనిపించిందో మా ఆవిడతో అనలేదు.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి, బస్సు పట్టుకుని రావులపాలెం చేరేసరికి పదకొండయింది. బస్సుల దగ్గర ఒక కొట్లో జంతికల పొట్లం కనిపించింది. పొట్లం తిరగేసి, భూతద్దం తీసి చదవడం మొదలుపెట్టాను. కొట్టాయన లేచి నిలబడి, నా వెనకాల ఒక కుర్చీ వేశాడు.

“కూర్చుని చూడండి. తమరు కాకినాడ నించి వచ్చేరాండి?”

“కాదండీ, హైదరాబాదు నుంచి.”

ఆయన మొహం ఇంకొంచెం వాడిపోయింది. నిమ్మకాయ సోడా కొట్టించాడు. “పచ్చ చుక్క ఉందండి. సరుకంతా సక్రమమేనండి. ఆఫీసు కాయితాలు మా తమ్ముడి దగ్గర ఉన్నాయండి, పిలిపించమంటారా?”

అప్పుడు అర్థమైంది. నన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకున్నాడు. “అయ్యా, నేను అధికారిని కాదు. కడుపునొప్పివాణ్ణి” అన్నాను. నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. నమ్మాక సోడా డబ్బులు పుచ్చుకున్నాడు.

జంతికల్లో మైదా కలిసిందని పొట్లమే చెప్పింది, వదిలేశాను. అరటిపళ్ళు డజను ఎనిమిది రూపాయలు. మా వైపు ఆ డబ్బుకు అర డజను కూడా ఇవ్వరు. పక్కనే ఒకావిడ బుట్టలో పూతరేకులు పెట్టుకుని కూర్చుంది. ఒక్కోటి నాలుగు రూపాయలంది. అలవాటు కొద్దీ ఇందులో ఏమేం వేస్తారని అడిగాను.

“బియ్యం, బెల్లం, నెయ్యండి. ఇంకేటుంటదండి?” అందావిడ, వింతగా చూస్తూ.

ఆవిడ చేతులు చూస్తే నమ్మాలనిపించింది. రెండు తిన్నాను. చదవకుండా ఒక వస్తువు నోట్లో పెట్టుకుని ఏడాది దాటిందేమో, కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నా తిండి అదే, అరటిపళ్ళూ పూతరేకులూ. చీకటిపడే వేళకు అత్తయ్య అటుకులూ పెరుగూ పెట్టింది. తద్దినానికి ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు.

కొత్తపేట

అత్తయ్య ఊరు కొత్తపేట పక్కనే. మావయ్య వేదం చదువుకున్నవాడు. ఆయన కొడుకు విశ్వం బావ అమలాపురంలో లెక్కల మాస్టారు. బావ నోటికి మొదటి గురి చిన్నప్పటి నుంచీ నేనే.

“ఏరా, ఇలా అయిపోయేవేవిటి? మా నాన్న తద్దినానికి వచ్చేవా, నీ దానికి ఏర్పాట్లు చూసుకోవడానికి వచ్చేవా?” అన్నాడు చూస్తూనే. అనేశాక తనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను నవ్వాను గాని ఆ మాట కడుపులోనే ఉండిపోయింది.

తెల్లవారేసరికి అత్తయ్యా, కోడలూ తడిబట్టలతో మడి కట్టుకుని వంటింట్లో ఉన్నారు. ఇక మా వంటివాళ్ళు గడప దాటకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి నా పొట్లాల చదువు గడప దగ్గర ఆగిపోయింది. గడప ఇవతల నిలబడి కేకేశాను.

“అత్తయ్యా, అప్పాలు దేంతో చేస్తున్నారు?”

“బియ్యప్పిండిరా. మా అత్తగారి కాలం నించీ తద్దినానికి బియ్యప్పిండి అప్పాలే. గోధుమ ఈ పూట ఇంట్లోకే రాలేదు. వెళ్ళి అరుగు మీద కూర్చో.”

భోక్తలుగా వచ్చిన బ్రాహ్మలు తిని లేచి, మా విస్తళ్ళు పరిచేసరికి రెండు దాటింది. పెసరపప్పు, అరటికాయ కూర, కంద, కాకరకాయ, అల్లం పచ్చడి, నువ్వుల పచ్చడి, మినప గారెలు, అప్పాలు, పరమాన్నం. తద్దినం వంట తెలియనివారికి చెప్పాలి: ఆ ఇంట్లో ఆ పూట ఎండుమిరపకాయ వాడరు, ఆవాలు వాడరు, పసుపు వాడరు, ఇంగువ వాడరు. కారానికి మిరియాలే. హైదరాబాదులో పుట్టి పెరిగిన మా అబ్బాయి చిన్నప్పుడోసారి ఈ వంట తిని ‘దీన్ని ఎవరో కడిగారు’ అన్నాడు.

“నాన్నకి ఇంగువ లేని చారంటే కాలవ నీళ్ళతో సమానం” అన్నాడు బావ నా పక్కన కూర్చుని. “ఏడాది పొడుగూతా ఇంగువ దట్టించుకుని తిన్న మనిషికి, ఆయన రోజున మాత్రం అది లేకుండా పెడతాం. పైనించి చూస్తే ఎంత తిట్టుకుంటాడో.”

నేను మాత్రం కడుపు నిండా తిన్నాను. గారెలు ఎన్నో లెక్కపెట్టలేదు, అత్తయ్య పెట్టింది. తిన్నాక అరుగు మీద నడుం వాల్చి, నొప్పి కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను. నాలుగైంది, అయిదైంది. ఏమీ లేదు. సాయంత్రం కాలవ గట్టున మైలు దూరం నడిచాను. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎక్కడ మరుగు ఉందో చూసుకోలేదని ఇంటికొచ్చాక తట్టింది. పద్నాలుగు నెలల్లో అలాంటి సాయంత్రం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమోనని నిజంగానే భయపడ్డాను.

అమలాపురం మీదుగా

మూడో రోజు ఓడలరేవు సముద్రం చూసి వద్దామని నేనే అడిగాను. పొద్దున్నే అత్తయ్య అరిటాకులో పులిహోర కట్టి ఇచ్చింది. “ఉట్టి అన్నం, చింతపండు. నీ గోధుమ బెడద లేదు” అంది. అన్నంలో చదవడానికి ఏముంటుంది. సంచిలో పెట్టుకుని బావతో బయల్దేరాను.

అమలాపురం బస్టాండులో కొబ్బరిబొండం అయిదు రూపాయలు. ‘లేత’ అంటే వాళ్ళకొక అర్థం, మాకొకటి. మేం నీళ్ళు చూస్తాం, వాళ్ళు లోపలి మీగడ చూస్తారు. రెండూ ఉన్న కాయ ఏరి మరీ కొట్టిచ్చాడతను. దీనికి లేబుల్ అడగవేంరా అన్నాడు బావ. పైనున్న టెంకే లేబుల్ అన్నాను. మనసు అంత తేలిగ్గా ఉంది.

అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకున్నాం. ఊరు దాటాక రొయ్యల చెరువుల పక్కన ఆపించి పులిహోర తిన్నాం. కరివేపాకు, పల్లీలు, పచ్చిమిర్చి, ఘుమఘుమలాడే పోపు. ఇద్దరి వాటాలో నాదే ఎక్కువ. వేళ్ళు కూడా నాకాను.

ఓడలరేవు

సముద్రం అల్లంత దూరాన ఉండగా మొదలైంది. ముందు బొడ్డు చుట్టూ మెలి, తరవాత ఒళ్ళంతా చెమట. నాకు తెలిసిన నొప్పే. ఇక పది నిమిషాలు కూడా ఆగదని తెలిసిన నొప్పి. అన్నం తిన్నాను, చింతపండు తిన్నాను. ఇక గోధుమ మీద తప్పు వేయడానికి లేదు. మరి ఇది అదే, ‘ఇంకేదో’ అనుకున్నాను.

రోడ్డు పక్కన నీలం రంగు డాబా ఇంటి ముందు ఒకావిడ చేపల వల ఎండబెడుతోంది. బావ పరుగున వెళ్ళి ఆవిడతో ఏదో చెప్పాడు. ఆవిడ ఒక్క మాట అడగలేదు. “రండి బాబూ, ఇటేపు” అని పెరట్లో పలకలు పరిచిన స్నానాలగది తలుపు తీసింది.

బయటికి వచ్చేసరికి నీళ్ళూ, తువ్వాలూ, కుర్చీ సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ పేరు నాగమణి. కువైట్‌లో పదకొండేళ్ళు ఒక ఇంట్లో వంట చేసి, కిందటేడే తిరిగి వచ్చేసిందట. టీ తెచ్చింది, దాంతోపాటు అరబ్బు అక్షరాలున్న రేకు డబ్బాలో బిస్కెట్లు.

“వద్దమ్మా, నాకు గోధుమ పడదు” అన్నాను. ఈ మాట అంటే ఎదుటివాళ్ళు చేసే పనులు రెండే. నవ్వుతారు, లేకపోతే ‘ఒక్కటి తింటే ఏం కాదు’ అంటారు. ఆవిడ రెండూ చేయలేదు. డబ్బా మూత పెట్టేసి, దూరంగా జరిపి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

“మా మేడంగారి పెద్దబ్బాయికీ అదేనండి. ఆ దేశంలో చాలామందికి ఉందంటండి. ఆ బాబుకి వేరే గిన్నెలు, వేరే గరిటి, వేరే నూనె. ఏ డబ్బా వచ్చినా చూసుకోవాలండి.”

“మీకు అరబ్బీ చదవడం వచ్చా?”

“తెలుగే రాదండి. గోధుమన్న మాట ఒక్కటీ బొమ్మలాగ గుర్తెట్టుకున్నానండి.” వంగి, చెంబులో వేలు ముంచి, నేల మీద గీసి చూపించింది. ముందు ఒక సున్న, దాని నెత్తిన రెండు చుక్కలు, చివర ఒక తోక. ఎండకు అది ఆరిపోయేదాకా నేను అలాగే చూశాను. నేను ముప్ఫై ఏళ్ళు అక్షరాల మీద బతికినవాణ్ణి. ఆవిడ ఒక్క మాట మీద పదకొండేళ్ళు ఒక పిల్లాణ్ణి కాపాడింది.

“ఇందాక ఏం తిన్నారండి?” అంది.

“పులిహోర. అన్నమే. అందులో గోధుమ ఎలా ఉంటుంది?”

“పోపులో ఇంగువ వేసేరాండి?”

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. పులిహోరలో ఇంగువ వేశారా అని మా అత్తయ్య ఇంట్లో ఎవరూ అడగరు.

ఆవిడ గుమ్మంలో కూర్చుని చెప్పింది. వెళ్ళిన కొత్తలో, ఇంటి మీద బెంగతో తన కోసం పప్పుచారు కాచుకుందట. వాసనకు ఆ బాబు వచ్చి పెట్టమన్నాడు. పప్పే కదా అని పెట్టింది. మూడు గంటల్లో వాడు మెలికలు తిరిగిపోయాడు. మేడం మొదటి విమానానికే పంపించేస్తానని పెట్టె బయట పడేయించింది. అయితే ఆ మేడం పంతులమ్మ. ఏడుస్తున్న నాగమణి చేత చారులో వేసినవన్నీ తెప్పించి వరసగా పెట్టించింది. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన ఇంగువ డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు చదివింది.

“మొదటి మాటే గోధుమపిండంటండి. ఇంగువ ఆఖర్న ఉందంట. ఉట్టి ఇంగువ ముద్దగా ఉంటది కదండీ, పొడి చెయ్యడానికి పిండి కలుపుతారంట. అన్నిట్లోనూ కాదనుకోండి. కొన్నిట్లో బియ్యప్పిండి. నాకేం తెలుసండి, మనూళ్ళో ఇంగువంటే ఇంగువే కదా.”

మా ఇంట్లో ఇంగువకు డబ్బా లేదు. మా ఆవిడ కొత్త డబ్బా తెచ్చిన రోజునే పోపులపెట్టెలో పోసి, డబ్బా అవతల పారేస్తుంది. పోపులపెట్టె మీద అక్షరం ముక్క ఉండదు. పద్నాలుగు నెలలు బజారు పొట్లాలన్నీ భూతద్దంతో చదివాను గాని, ఇంట్లో పొయ్యి పక్కనున్న ఆ స్టీలు పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. ఇంగువ నా లెక్కలో తిండే కాదు, వాసన.

నిన్న మొన్న నా కడుపు ఎందుకు ఊరుకుందో కూడా అప్పుడే తెలిసింది. అరటిపళ్ళు, పూతరేకులు, అటుకులు. ఆ తరవాత ఇంగువ లేని తద్దినం వంట.

నాగమణి గారికి చేతులు జోడించాను. “అయ్యో, పెద్దోరు, అలా దణ్ణం పెట్టకండి” అని లేచి నిలబడింది. ఏమీ పుచ్చుకోలేదు. సముద్రం సంగతి మేమిద్దరం మరిచిపోయాం.

ఎస్.టి.డి. బూత్

అమలాపురంలో దిగుతూనే ఇంటికి ఫోను చేశాను. మన ఇంగువ ఏ డబ్బాలోది అని అడిగితే, నాకు మతి పోయిందనుకుంది మా ఆవిడ.

“పాతది పారేశాను. కొత్తది ఒకటుంది, ఇంకా విప్పలేదు.”

“దాని మీద సన్నక్షరాలు చదువు. నేను ఆగుతాను.”

బూత్‌లో ఎర్రంకెలు గిర్రున తిరుగుతున్నాయి. బావ అద్దం బయట నిలబడి నా మొహమే చూస్తున్నాడు. చాలాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మొదటి మాట గోధుమపిండే.

“పద్నాలుగు నెలలు నా చేత్తో నేనే పెట్టానా?” అందావిడ.

“నువ్వు పెట్టలేదు. చదవాల్సినవాణ్ణి నేను” అన్నాను. ఆవిడ ఏడుస్తోంది. నేను నవ్వుతున్నాను. బయటికి రాగానే బావ భుజం పట్టుకుని నేనూ ఏడ్చాను. బస్టాండులో జనం మాకేదో చావు కబురు వచ్చిందనుకుని దారి ఇచ్చారు.

మళ్ళీ కొత్తపేట

అత్తయ్యకు చెప్పింది బావే. ఆవిడ లోపలికి వెళ్ళి, ఇంగువ డబ్బా తెచ్చి, నా చేతిలో పెట్టి గడప మీద కూర్చుంది. “చదవరా” అంది. చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

“ఇంగువ పేరు చెప్పి ఇన్నాళ్ళూ పిండి కొన్నానన్నమాట. అది పోతే పోనీ. నీకు నా చేత్తో కట్టి ఇచ్చేను కదరా” అని కళ్ళు ఒత్తుకుంది. మావయ్య పోయినప్పుడు కూడా అత్తయ్య నలుగురిలో ఏడవడం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున నా రైలు. వెళ్ళే ముందు అన్నం తినిపించాలని ఆవిడ పట్టు. ఇంగువ లేకుండా వండండి, తద్దినం నాటిలాగే చాలు అన్నాను. అత్తయ్య మొహం మారిపోయింది. తద్దినం వంట తద్దినం నాడే వండాలి. ఊరికి బయల్దేరేవాడికి, అందులోనూ నాలా ఒంట్లో బాగులేనివాడికి అది వడ్డిస్తామని ఆ ఇంట్లో మాటవరసకైనా అనరు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి నూనెలో ఆవాలు చిటపటలాడడం వినిపించింది.

విస్తట్లో తద్దినం నాటి పెసరపప్పు కాకుండా పోపు పెట్టిన కందిపప్పు వేసింది. దాని మీద నల్లగా వేగిన ఎండుమిరపకాయలు రెండు, నిండా ఆవాలు, పసుపు.

“ఇంగువొక్కటే లేదు” అంది అత్తయ్య నా ఎదురుగా కూర్చుని. “ఎండుమిరపకాయ వేసేను, ఆవాలు వేసేను, పసుపు వేసేను. ఇది తద్దినం వంట కాదు. బతికున్నవాడి వంట. తిను.”

కలుపుకుని తిన్నాను. మారు అడిగి తిన్నాను.